పెన్నేరు గడ్డకూ ప్రోస్టేటుకూ చుట్టరికమెంత?

హనుమకొండలో మా మేనమామ ఇంటికి ఎప్పుడు వెళ్లినా ముందుగదిలో బల్లమీద ఒక స్టీలు డబ్బా, దాని కింద గళ్లు గీసిన తెల్లకాగితం కనిపిస్తాయి. డబ్బాలో మందులు, కాగితం మీద వాటి పేర్లు, వేసుకునే వేళలు. ముప్పయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి, బీపీ గోలీకైనా పట్టిక ఉండాల్సిందే. పోయిన చలికాలం వెళ్లినప్పుడు ఆ డబ్బా పక్కన పట్టికలోకి ఎక్కని సీసా ఒకటి ఉంది. సీసా మీద ఎర్రటి చిన్న పండ్ల కొమ్మ బొమ్మ, కింద వేర్ల కట్ట బొమ్మ. ‘పురుష హార్మోన్ల సమతుల్యతకు, ప్రోస్టేట్ ఆరోగ్యానికి’ అని రాసి ఉంది.

“ఏంది మామా ఇది?” అన్నాను.

“వేరు మందు రా. రాత్రి నాలుగుసార్లు లేస్తున్న. లేచిపోతే దబ్బున రాదు, వచ్చినా సన్నగ వస్తది. పొద్దున వాకింగుల దోస్తు చెప్పిండు, ఇది ఒంట్ల బలానికీ పనిచేస్తదట, ఒంటేలు తిప్పలకూ పనిచేస్తదట.”

“డాక్టరుకు చూపించినవా?”

“గడ్డనే కద రా, ఏమైతది?”

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టాను. అరవై దాటిన మగవాళ్లు ఈ బాధ ఎవరితోనూ చెప్పుకోరు. భార్యతో చెప్పరు, కొడుకుతో అసలే చెప్పరు. చెప్పుకునేది వాకింగులో తోటివాడితో, ఆ తర్వాత సీసా అమ్మేవాడితో. కాబట్టి మామ అడిగిన ప్రశ్న వరంగల్లులో వేల ఇళ్లలో, ఎవరూ పైకి అడగకుండా ఉన్న ప్రశ్నే అనుకుంటున్నాను.

ముందు గడ్డ సంగతి. సీసా మీద బొమ్మ పెన్నేరుది. సంస్కృతంలో అశ్వగంధ, వృక్షశాస్త్రంలో వితానియా సోమ్నిఫెరా. ఇది వంకాయ కుటుంబపు మొక్క. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు వచ్చే మిరప, మన పెరట్లో టమాట, చేలో పొగాకు అన్నీ దీనికి దాయాదులే. నడుము ఎత్తు పొద. కాగితం లాంటి పలచని పొర లోపల బఠాణీ గింజంత కాయ ఉంటుంది, పండితే నారింజ ఎరుపు. దేశంలో పెద్ద సాగు మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాలది. మన వైపు అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల మెట్ట రైతులు పండిస్తారు. నీళ్లు ఎక్కువ అక్కర్లేదు, నేల సారం లేకపోయినా ఫర్వాలేదు. వానలు వెనకపట్టాక విత్తితే అయిదారు నెలలకు ఆకు ఎండి, కాయ ఎర్రబడుతుంది. అప్పుడు మొక్కను వేరుతో సహా పీకి, వేరును బెత్తెడు ముక్కలుగా కోసి ఎండబెడతారు.

ఎండిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పైన బూడిద కలిసిన గోధుమరంగు, నిలువునా సన్నటి ముడతలు. మంచి సరుకైతే విరిస్తే టప్పున విరుగుతుంది, లోపల సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపంతా పిండిపదార్థం. నాలుక మీద పెడితే ముందు ఏమీ అనిపించదు, తర్వాత చేదు, ఆపైన గొంతులో కొద్దిగా గీరినట్టు ఉంటుంది. పచ్చి వేరును నలిపి వాసన చూస్తే, చెమట పట్టిన గుర్రం పక్కన నిలబడ్డట్టు ఉంటుందని పాతవాళ్లు దానికి అశ్వగంధ అని పేరు పెట్టారు. ఫార్మసీ కాలేజీల్లో పిల్లలు ఈ వేరునే బ్లేడుతో పలచగా కోసి, అయోడిన్ చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పిండిరేణువులు నల్లగా మారడం చూస్తారు. వేరు పొడి అని అమ్మేదాంట్లో ఇంకేమైనా కలిసిందా అని పట్టుకునే మొదటి మెట్లలో అదొకటి.

పిండి వేరుకు బరువునిస్తుంది గానీ మందుగుణం దానిది కాదు. 1960ల్లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో డేవిడ్ లావీ బృందం ఈ మొక్క నుంచి వితాఫెరిన్-ఎ అనే పదార్థాన్ని వేరుచేసి దాని నిర్మాణం తేల్చింది. ఆ తర్వాత దాని చుట్టపు పదార్థాలు పదుల సంఖ్యలో దొరికాయి. అన్నిటినీ కలిపి వితనోలైడ్లు అంటారు. వీటి అస్థిపంజరం స్టిరాయిడ్ల అస్థిపంజరం లాంటిదే. మన ఒంట్లోని టెస్టోస్టిరాన్, కార్టిసాల్ కూడా స్టిరాయిడ్లే. ఈ పోలిక చూపించి ‘ఇది సహజ టెస్టోస్టిరాన్’ అనేవాళ్లున్నారు. అది తప్పు. కొలెస్టరాల్‌దీ అదే అస్థిపంజరం. ఎముకల గూడు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు.

ఇక్కడ కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. వితాఫెరిన్-ఎ వేరులో కంటే ఆకులో ఎక్కువ. ఆకు రైతుకు చెత్త కింద లెక్క, చవగ్గా దొరుకుతుంది. దాన్ని వేరు పొడిలో కలిపితే పరీక్షలో వితనోలైడ్ల శాతం బాగా కనబడుతుంది. కానీ మన వైద్యగ్రంథాల్లో లోపలికి వాడమన్నది ప్రధానంగా వేరును, తరాల అనుభవం ఉన్నదీ వేరుతోనే. అందుకే 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు ఆకు వాడవద్దని సూచన ఇచ్చింది. సీసా మీద ‘వేరు’ అని ఉందా, ఉత్త ‘అశ్వగంధ’ అనే ఉందా అని చూడటం చాదస్తం కాదు.

ఇక గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం మొదలయ్యే చోట, నాళాన్ని ఉంగరంలా చుట్టుకుని ప్రోస్టేట్ ఉంటుంది. పడుచు వయసులో బరువు ఇంచుమించు 20 గ్రాములు, పెద్ద ఉసిరికాయంత. వీర్యంలో కొంత ద్రవం దీని నుంచే వస్తుంది. నడివయసు దాటాక ఇది మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది, అదీ నాళాన్ని ఆనుకున్న లోపలి భాగంలో. యాభైలలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి, ఎనభై దాటితే నూటికి ఎనభై మందికి పైగా ఈ పెరుగుదల జాడలు ఉంటాయి. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. అయితే ఒకే మనిషిలో రెండూ పక్కపక్కనే ఉండవచ్చు, బాధలు ఒకేలా కనిపించవచ్చు. పరీక్ష లేకుండా ఏది ఏదో చెప్పలేం. గ్రంథి పెరిగినవాళ్లందరికీ బాధ ఉండదు, బాధ ఉన్నవాళ్లందరికీ గ్రంథి పెద్దదై ఉండదు. నాళాన్ని ఎంత నొక్కుతోంది, మూత్రాశయం కండరం ఎంత అలిసిపోయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ పెరుగుదలకు ఎరువు ఏమిటన్నది తేల్చిన కథ నాకు చాలా ఇష్టం. 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు వృషణాలు తొలగించి చూశారు. మగ హార్మోను ఆగగానే వ్యాధి వెనక్కి తగ్గింది. ఆ పనికి 1966లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక మారుమూల పల్లె గురించి రాసింది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, పన్నెండేళ్ల ప్రాయంలో మగపిల్లలుగా మారుతున్నారు. వాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. లేనిదల్లా దాన్ని డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మార్చే ఒక ఎంజైము. పెద్దయ్యాక వాళ్ల కండలు గట్టివే, గొంతు బొంగురే. ప్రోస్టేట్ మాత్రం చిన్నదిగానే ఉండిపోయింది. అంటే ప్రోస్టేట్‌ను పెంచేది ప్రధానంగా టెస్టోస్టిరాన్ నుంచి పుట్టే ఆ రెండో హార్మోను. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టిరైడ్ 1992లో మందుగా వచ్చింది. గ్రంథిని నిజంగా చిన్నది చేసే మందు అది, ఆరునెలలు ఓపిక పట్టాలి.

ఇప్పుడు మామ సీసా మీది మాటలు మళ్లీ చదవండి. ఒకే వేరు మగ హార్మోనును పెంచుతుందట, ప్రోస్టేట్‌ను కాపాడుతుందట. మగ హార్మోనే ప్రోస్టేట్‌కు మేత అయినప్పుడు ఈ రెండూ ఒక ఒరలో ఎట్లా ఇముడుతాయి? చేనుకు యూరియా చల్లుతూ గడ్డి పెరగదని చెప్పినట్టు ఉంటుంది. నిజానికి లెక్క ఇంత సూటిగానూ లేదు. ప్రోస్టేట్ కణాల్లో హార్మోను అతుక్కునే చోట్లు తక్కువ మోతాదుకే నిండిపోతాయని, ఆపైన రక్తంలో హార్మోను కాస్త పెరిగినా గ్రంథికి పెద్ద తేడా తెలియదని తర్వాతి పరిశోధనలు సూచించాయి. కాబట్టి పెన్నేరు తిన్నవాడి ప్రోస్టేట్ ఉబ్బిపోతుందని భయపెట్టడమూ సరికాదు. కానీ అది తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారం కావాలి కదా. ఆ ఆధారం కోసమే నేను వెతికింది.

పెన్నేరు మీద మనుషుల్లో జరిగిన ప్రయోగాల్లో పేరుపడ్డది మన హైదరాబాద్‌దే. 2012లో బంజారాహిల్స్‌లోని ఆశా హాస్పిటల్ వైద్యులు ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఇంకో జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గుళికలు 60 రోజులు ఇచ్చారు. వేరు తీసుకున్నవాళ్లలో ఒత్తిడి తగ్గింది, రక్తంలో కార్టిసాల్ 28 శాతం దాకా పడిపోయింది. ప్రపంచమంతా అమ్ముడుపోతున్న ఆ సారాన్ని తయారుచేసే సంస్థ కూడా హైదరాబాద్‌దే. ఆ తర్వాత మగ హార్మోను వంతు వచ్చింది. 2015లో 57 మంది వ్యాయామం చేసే మగవాళ్ల మీద ఎనిమిది వారాల ప్రయోగంలో టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు సగటున 96 నానోగ్రాములు పెరిగింది, ఉత్తుత్తి గుళిక జట్టులో 18. మగవాళ్లకు మామూలు స్థాయి సుమారు 300 నుంచి 1000 దాకా ఉంటుంది. పొద్దుటికీ సాయంత్రానికీ, ఈ రోజుకూ రేపటికీ మారుతూ ఉంటుంది. అందుకే డాక్టర్లు పొద్దున్నే, అదీ రెండుసార్లు రక్తం తీయమంటారు.

మామ వయసుకు దగ్గరి ప్రయోగం 2019లో ఆస్ట్రేలియాలో అయింది. 40 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న, కాస్త బరువెక్కి అలసటతో ఉన్న 57 మంది. ఉత్తుత్తి గుళికతో పోలిస్తే టెస్టోస్టిరాన్ 14.7 శాతం ఎక్కువ పెరిగింది. కాగితం మీద అంకె బాగుంది. కానీ అలసట, హుషారు, దాంపత్య సుఖం విషయంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సీసాలు అమ్మేవాళ్లు మొదటి వాక్యం చెప్పి ఆపేస్తారు. రెండో వాక్యం కూడా చదివితేనే ప్రయోగం పూర్తిగా చదివినట్టు.

దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూస్తాను. 2011లో షికాగోలోనే పదిమంది పడుచువాళ్లను వారం రోజులు రాత్రికి అయిదు గంటలే పడుకోనిచ్చారు. పగటిపూట వాళ్ల టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. రాత్రి నాలుగుసార్లు లేచే మనిషికి ఈ సంగతి మందుల షాపువాడు చెప్పడు. మామకు హార్మోను ఒకవేళ తగ్గి ఉంటే, తెగిపోతున్న నిద్ర కూడా అందుకు కారణం కావచ్చు.

మరి ప్రోస్టేట్? పెరిగిన గ్రంథి ఉన్న మగవాళ్లకు పెన్నేరు ఇచ్చి, మూత్రధార కొలిచి, స్కాన్ తీసి, లాభం నిరూపించిన గట్టి ప్రయోగం నా వెతుకులాటలో కనపడలేదు. ఉన్నవి ఎక్కువగా గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాల మీద వితాఫెరిన్ పోసి చూసినవి. గాజుపళ్లెంలో కణాన్ని చంపడం కష్టం కాదు, ఉప్పునీళ్లతోనూ చస్తుంది. పైగా హార్మోనుతో పెరిగే ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు పెన్నేరు జోలికి పోవద్దనే హెచ్చరిక అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పత్రంలోనే ఉంది.

వింతేమిటంటే, మగతనాన్నీ ప్రోస్టేట్‌నూ కలిపి ఒకే సీసాలో పోసింది మన పాతవాళ్లు కాదు. వరంగల్లులో అల్లోపతికి కాకతీయ మెడికల్ కాలేజీ ఉన్నట్టే ఆయుర్వేదానికి అనంతలక్ష్మి ప్రభుత్వ కళాశాల ఉంది. ఆయుర్వేదం చదివే పిల్లలకు ఈ తేడా మొదట్లోనే నేర్పుతారు. సుశ్రుతుడు మూత్రం అడ్డుపడే జబ్బును మూత్రాఘాతం అని పన్నెండు రకాలుగా విడదీశాడు. అందులో వాతాష్ఠీల ఒకటి. మూత్రాశయానికీ మలమార్గానికీ నడుమ గులకరాయిలా గట్టిపడి అడ్డుపడేది అని వర్ణన. నేటి వైద్యులు వేలితో ప్రోస్టేట్‌ను తడిమి చూసే చోటు సరిగ్గా అదే. దానికి చెప్పే మూలికలు ఉలిమిరి పట్ట, పల్లేరు కాయలు, గలిజేరు వేరు. పెన్నేరు ఉండే వరుస వేరు, అది బలానికీ, వాజీకరణానికీ అంటే మగతనానికీ చెప్పింది. అంటే శాస్త్రం ప్రకారం చూసినా ఈ రెండూ రెండు గదులు.

కిందటేడాది హనుమకొండలో రోడ్డు పక్కన బరకం పరిచి మూలికలు అమ్ముకునే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఏటూరునాగారం వైపు అడవుల నుంచి వచ్చిన గడ్డలు, చెక్కలు, ఎండుకాయలు చిన్న చిన్న కుప్పలు. “తాతా, ఒంటేలు సరిగ్గ రానోళ్లకు ఏది?” అంటే ముళ్ల పల్లేరు కాయల కుప్ప చూపించాడు. “మగతనానికి?” అంటే దాన్ని ముట్టుకోకుండా ఇటు తిరిగి, వెంట్రుకల్లాంటి పీచు ఉన్న, చూపుడువేలంత లావు నల్లటి దుంప తీశాడు. “ఇది నేలతాడి. దానికిది, దీనికది. రెండూ ఒక్కటి కావు బిడ్డా,” అన్నాడు. సీసా కంపెనీ కలిపేసినదాన్ని ఆయన చేతులు విడివిడిగానే ఉంచాయి.

ఆ నేలతాడికి ఒక దూరపు చుట్టం ఉంది, దాని కథ ప్రోస్టేట్ దాకా పోతుంది. నేలతాడి, దక్షిణాఫ్రికా గడ్డినేలల్లో పెరిగే హైపాక్సిస్ దుంప, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. అక్కడివాళ్లు ఆఫ్రికా బంగాళదుంప అంటారు. జర్మనీలో ఆ దుంపలోని బీటా-సైటోస్టెరాల్‌ను ప్రోస్టేట్ మందుగా ఎన్నో ఏళ్లు అమ్మారు. 1995లో లాన్సెట్ పత్రికలో 200 మంది మీద ఆరునెలల ప్రయోగం వచ్చింది. 35కు వేసే బాధల మార్కులు మందు జట్టులో 7.4 తగ్గితే, ఉత్తుత్తి జట్టులో 2.1 తగ్గాయి. మూత్రధార సెకనుకు 9.9 మిల్లీలీటర్ల నుంచి 15.2కు పెరిగింది. గ్రంథి పరిమాణం మాత్రం తగ్గలేదు. మూలికల్లో ఇంత స్పష్టంగా నిలబడ్డ ఫలితం అరుదు, దాన్ని తీసిపారేయలేం. అంతమాత్రాన మన నేలతాడి కూడా అదే పని చేస్తుందని కాదు, దాన్ని ఎవరైనా అలా పరీక్షించి చూడాలి. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ కాలేజీ ఉన్న ఊరు మనది, అడవి పక్కనే ఉంది. ఆ ప్రయోగం ఇక్కడే జరిగితే చూడాలని నాకు ఆశ.

నెటిల్ వేరు అని ఇంకొకటి సీసాల మీద కనిపిస్తుంది. ముట్టుకుంటే దద్దుర్లు వచ్చే చలిదేశపు మొక్క అది, హిమాలయాల్లోనూ ఉంది. దురద పేరు చూసి దాన్ని మన దూలగొండి అనుకోవద్దు. దూలగొండి చిక్కుడు జాతి తీగ, దీనితో సంబంధమే లేదు.

ఇక ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే ప్రోస్టేట్ మూలిక సా పాల్మెటో. అది వేరు కాదు, అమెరికా తీరంలో పెరిగే పొట్టి తాటిజాతి మొక్క పండు. దానికి జరిగిన పరీక్ష మూలికలన్నిటికీ పాఠం లాంటిది. 2011లో 369 మందికి మామూలు మోతాదుకు మూడు రెట్ల దాకా పెంచుతూ 72 వారాలు ఇచ్చారు. బాధల మార్కులు మందు జట్టులో 2.2 తగ్గాయి. ఉత్తుత్తి గుళికల జట్టులో 3 తగ్గాయి! ప్రోస్టేట్ బాధ వానాకాలపు వాగు లాంటిది, ఓ నెల పొంగుతుంది, ఓ నెల తగ్గుతుంది. పొంగినప్పుడే మనిషి మందు కొంటాడు. తగ్గినప్పుడు పేరు మందుకు వస్తుంది. వాకింగు దోస్తు అబద్ధం చెప్పలేదు, ఆయనకు నిజంగానే తగ్గి ఉంటుంది.

“గడ్డనే కద, ఏమైతది?” అన్న మాటకు జవాబు దగ్గరికి వద్దాం. ఒకటి, కాలేయం. పెన్నేరు గుళికలు వాడినవాళ్లలో కొద్దిమందికి కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురదపెట్టి ఆసుపత్రికి చేరిన ఉదంతాలు ఐస్‌లాండ్, అమెరికాల నుంచి 2020లో, మన దేశం నుంచి 2023లో వైద్యపత్రికల్లో వచ్చాయి. ఆపేస్తే చాలామంది కోలుకున్నారు. అంతకుముందే కాలేయం చెడినవాళ్లకు ప్రాణం మీదికి వచ్చింది. రెండు, థైరాయిడ్. పెన్నేరు థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, ఆ గోలీలు వాడేవాళ్లకు మోతాదు లెక్క తప్పుతుంది. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. షుగరు, బీపీ మందులతో కలిస్తే అవి మరీ దిగొచ్చు. డెన్మార్క్ 2023లో ఆహార పదార్థాల్లో దీన్ని నిషేధించింది. ఆ నిషేధం అతి జాగ్రత్త అని మన వైద్యులు చాలామంది వాదించారు. నా మటుకు నాకు, వేల ఏళ్లు పాలలో చిటికెడు పొడిగా తీసుకున్నదానికీ, వేరును పిండి తీసిన చిక్కటి సారాన్ని నెలల తరబడి మింగడానికీ తేడా ఉందనిపిస్తుంది. పాతది కాబట్టి భద్రం అన్న మాట పొడికి కొంత చెల్లుతుంది, సారానికి చెల్లదు.

మూడోది అన్నిటికన్నా భయపెట్టేది. సీసాలో ఉన్నది వేరేనా? అమెరికాలో 1990ల్లో ఎనిమిది మూలికలు కలిపి పీసీ-స్పెస్ అనే గుళికలు ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అమ్మారు. అతిమధురం వేరు, చైనా వేర్లు ఉన్నాయన్నారు. అవి అద్భుతంగా పనిచేశాయి, రక్తపరీక్షల్లో ప్రోస్టేట్ సూచిక అయిన పీఎస్ఏ పడిపోయింది, పేరున్న విశ్వవిద్యాలయాలు పరిశోధనకు పూనుకున్నాయి. తీరా రసాయన పరీక్ష చేస్తే కృత్రిమ ఈస్ట్రోజెన్, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, నొప్పి మాత్ర ఇండోమెథాసిన్ బయటపడ్డాయి. 2002లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. తర్వాతి పదేళ్ల లెక్క కూడా ఉంది. 2007 నుంచి 2016 వరకు అమెరికా అధికారులు కల్తీగా పట్టుకున్న 776 సప్లిమెంట్లలో 353 మగతనం పెంచుతామన్నవే, ఎక్కువగా కలిపింది సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలోని మందు. గుండెనొప్పికి నైట్రేట్ గోలీ పెట్టుకునే పెద్దమనిషి తెలియక దాన్ని మింగితే బీపీ పాతాళానికి పడిపోతుంది.

మన దేశంలో ఈ ప్రకటనలకు అడ్డుకట్ట ఎప్పుడో వేశారు. 1954 నాటి మందులు, మంత్రచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం దాంపత్య సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలను నిషేధించింది. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో ప్రోస్టేట్ గ్రంథి రుగ్మతలు కూడా ఉన్నాయి. అందుకే సీసాల మీద ‘నయం’ అని ఉండదు. ‘సమతుల్యత’, ‘ఆరోగ్యం’ అని ఉంటుంది. చదివేవాడు నయమనే చదువుకుంటాడు.

మామను చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఒక్కోదానికి అయిదు మార్కులు, మొత్తం 35. మామ తనకు తానే 17 వేసుకున్నారు. ఎనిమిది నుంచి పందొమ్మిది దాకా మధ్యస్థం. స్కాన్‌లో గ్రంథి పెరిగింది గానీ మూత్రం పోసొచ్చాక లోపల మిగిలేది తక్కువే. డాక్టరు మూడు రోజులు ఎన్ని నీళ్లు తాగారు, ఎప్పుడు, ఎంత పోశారు అని రాసుకురమ్మన్నారు. లెక్కల సారుకు అంతకంటే కావాల్సిందేముంది, కొలగిన్నె కొనుక్కొచ్చారు. ఆ లెక్కలో అసలు సంగతి బయటపడింది. రాత్రి ఎనిమిదికి వేసుకునే బీపీ గోలీలో మూత్రం ఎక్కువగా తెప్పించే మందు కలిసి ఉంది. దాని మీద పడుకునే ముందు చెంబెడు నీళ్లు. జలుబు చేసిందని షాపులో కొనుక్కున్న మాత్ర, పెరిగిన ప్రోస్టేట్ ఉన్నవాళ్లకు మూత్రాన్ని బిగబట్టే రకం. డాక్టరు బీపీ గోలీని పొద్దుటికి మార్చారు, జలుబు మాత్ర మానేయమన్నారు, మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని సడలించే టామ్సులోసిన్ రాశారు. వేరు సీసా కూడా అడిగి చూసి, పేరు ఫైల్లో రాసుకుని, పీఎస్ఏతో పాటు కాలేయం పరీక్ష కూడా చేయించమన్నారు.

పదిహేను రోజుల తర్వాత వెళ్తే నాలుగుసార్లు లేచేది రెండుసార్లయింది. పరీక్షలు బాగానే వచ్చాయి. బల్ల మీద కొత్త పట్టిక ఉంది. చివరన ఇంకో గడి గీసి, మామ తన గుండ్రటి చేతిరాతతో ‘వేరు మందు’ అని రాశారు. పక్కన మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, రెండూ వేసి ఉన్నాయి.